తలుపులో బెజ్జం

"గడియ పెట్టుకునేంత పని లోపల ఏముంటుంది?" అన్నారు మా ఆయన, చెయ్యి కడుక్కుంటూ.

నేను అంట్లు తీస్తున్నాను. తెలియక అడిగింది కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషి. డార్క్ రూమ్ తలుపు ఎందుకు వేసుకోవాలో నాకు నేర్పిందే ఆయన. పెళ్ళయిన మూడో వారంలో నన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళి, ఎర్ర బల్బు వేసి, "వెలుగు తగిలిందా, కాగితం చచ్చినట్టే" అన్నారు. కొత్త పెళ్ళాంతో మాట్లాడటానికి వేరే మాటలుంటాయని నాకు అప్పటికి తెలియదు. సరసమంటే ఇదే కాబోలు అనుకున్నాను.

మా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు స్టూడియో, దాని వెనక మేముండే మూడు గదులు, వాటి వెనక పెరడు, పెరటి చివర ఆ గది. నేను కాపురానికి రాకముందు ఫిల్ములు కడిగే మనిషి ఒకడుండేవాడట, మానేశాడట. కొత్త మనిషిని వెతకడం కన్నా మావాడికి పెళ్ళి చెయ్యడం తేలికయింది అని అత్తయ్య పక్కింటావిడతో నవ్వుతూ అంటుంటే విన్నాను. నవ్వులాటకే అని ఉంటుంది. పదిహేనేళ్ళు ఆ నవ్వులాటే నా ఉద్యోగం. పొద్దున ఇంట్లో కడగడం, మధ్యాహ్నం గదిలో కడగడం. ఫిల్ములు కడిగాను, ప్రింట్లు తీశాను, సన్నటి కుంచె పట్టుకుని ఊళ్ళోవాళ్ళ మొటిమలూ మచ్చలూ గాట్లూ చెరిపాను. మీ స్టూడియోలో తీయిస్తే ఎవరైనా అందంగా వస్తారని కస్టమర్లు అంటే, మా ఆయన గల్లా దగ్గర కూర్చుని "మా చేతి మహిమ" అనేవారు. చెయ్యి నాది. ఆ 'మా'లో నేనున్నానో లేదో ఎప్పుడూ అడగలేదు. తరవాత కంప్యూటర్లు వచ్చాయి. గది ఖాళీ అయింది. నాకూ పని తప్పిందని వాళ్ళనుకున్నారు. పాత సామాను అక్కడే పడేశారు. ఆ గది నేను వాడుకుంటానంటే, ఊడ్చి పెట్టుకో అన్నారు.

మొదటి ఫోటో తీసింది తొమ్మిదేళ్ళ కిందట. మంచం మీద తడి తువ్వాలు. ఆయన స్నానం చేసి వచ్చి విసిరేసింది. రోజూ ఉండేదే, రోజూ నేను తీసి ఆరేసేదే. ఆ రోజు చెయ్యి చాచి ఆగాను. కిటికీలోంచి వెలుగు తువ్వాలు అంచు మీద పడుతోంది, కింద దుప్పటి మీద తడి నల్లగా పాకుతోంది. ఒక మనిషి ఇక్కడ నిలబడి, వెనకాల ఇంకో మనిషి వచ్చి తీస్తుందన్న ధీమాతో వెళ్ళిపోయాడు. ఆ సంగతంతా ఆ తువ్వాలు మీద రాసి ఉంది. నేను తీసి ఆరేస్తే ఆ రాత పోతుంది. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే. కస్టమర్ల మొహాల మీద మచ్చలు చెరిపాను, ఇంట్లో వీళ్ళ ఆనవాళ్ళు చెరిపాను. చెరిపే ముందు ఒక్కసారి ఫోటో తీస్తే ఏం పోతుంది అనిపించింది. పాత సామాన్లలో ఒక పెట్టె కెమెరా ఉంది, పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి చూసేది. షట్టర్ పట్టేస్తోందని ఆయన పారేసినది. గడువు దాటిన రీళ్ళు ఒక డబ్బా నిండా ఉన్నాయి. షట్టర్ తెరిచే ఉంచి, లెన్సు మూత తీసి, నాలుగు అంకెలు లెక్కపెట్టి, మూత పెట్టాను. తరవాత తువ్వాలు ఆరేశాను. పొయ్యి మీద పాలు పొంగాయి. అత్తయ్య అరిచింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. సర్దేముందు తీయాలి. చేత్తో ఏదీ కదపకూడదు. రెండోసారి తీయకూడదు, ఎందుకంటే పాలు ఆగవు. వెనక్కి తోసేసిన కుర్చీ. కప్పు అడుగున గట్టిపడ్డ కాఫీ. సింకులో జుట్టు. ముగ్గురు చుట్టాలు లేచి వెళ్ళిన సోఫాలో మూడు గుంటలు, నాలుగో చోట నా గుంట లేదు, నేను కూర్చోలేదు కాబట్టి. మొదటి ఏడాది తీసినవన్నీ చించేశాను. అందంగా వచ్చాయి, అదే వాటి రోగం. గోడ క్యాలెండర్‌కి పనికొస్తాయి. వెలుగు పొగడ్తలాగా పడింది. పదిహేనేళ్ళు మచ్చలు దాచిన చెయ్యి ఇక్కడ కూడా దాస్తోందని అర్థమైంది. ఆ చేతిని మాన్పించడానికి రెండేళ్ళు పట్టింది. మబ్బు రోజులే ఎంచుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. తీసిన రీలు వెంటనే కడిగేదాన్ని కాదు. ఆరు నెలలు డబ్బాలో ఉంచేదాన్ని. తీసినప్పుడు కోపం ఉంటుంది, ఆ కోపంతో చూస్తే ప్రతి ఫోటో గొప్పగానే కనపడుతుంది. కోపం పోయాక కూడా నిలబడితే అప్పుడు దాన్ని ప్రింటు వేయాలి. బొమ్మని పెద్దది చేసే ఎన్లార్జర్ కింద వెలుగు పడుతుంటే చెయ్యి అడ్డుపెట్టి, ఎక్కడ నీడ పలచబడాలో అక్కడ ఆపి, ఎక్కడ చిక్కబడాలో అక్కడ వదిలి, ఒక్కో దానికి పది కాగితాలు పోయేవి. మా ఆయన ఒకసారి చూశారు. ఫోకస్ బాగానే ఉంది, మనిషేడీ అన్నారు. ఆర్ట్ ఫోటో అంటే కస్టమర్ మళ్ళీ మొహం చూపించని ఫోటో అని ఆయన నిర్వచనం. ఆ జోకు స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు.

నేను పక్కన పెట్టిన ప్రింట్లు ఆయన తీసుకెళ్ళేవారు. నాలుగు ముక్కలుగా కోసి, పాస్‌పోర్టు ఫోటోల కవర్లో వంగకుండా అట్టలాగా పెట్టేవారు. కాగితం మందంగా ఉంటుంది కదా, దండగెందుకు అన్నారు. నాకు కోపం రాలేదు. వచ్చిందేమో, ఆరు నెలలు డబ్బాలో పెట్టాను. ఈలోగా ఒకావిడ పాస్‌పోర్టు ఫోటో తీయించుకుని వెళ్ళి, మూడో రోజు ఆ అట్ట ముక్క పట్టుకుని తిరిగి వచ్చింది. దీని మిగతా మూడు ముక్కలు ఎక్కడున్నాయి అని అడిగింది. మా ఆయన ఫోటోలు బాగా రాలేదని గొడవకొచ్చిందనుకుని, మళ్ళీ తీస్తాను కూర్చోండి అన్నారట. సంగతి తెలిశాక లోపలికి కేక వేశారు. నేను చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను.

ఆవిడకి ఒక గ్యాలరీ ఉంది. ముందు నా చేతులు చూసింది. నా చేతులు చూసినవాళ్ళెవరూ ఊరికే చూడలేదు, పని చెప్పడానికే చూశారు. అందుకని నాకు ఆవిడ మీద అనుమానం వచ్చింది. గదిలోకి తీసుకెళ్ళి డబ్బాలు తెరిస్తే మూడు గంటలు నేల మీద కూర్చుని చూసింది. పన్నెండు ఎంచింది. పెద్ద సైజులో, నా చేత్తోనే ప్రింటు వేసి అయిదు వారాల్లో ఇవ్వమంది. ఇందులో మీకేం లాభం అని మొహాన్నే అడిగాను. ఆ నెల తన గోడలు ఖాళీగా ఉన్నాయని, ఒప్పుకున్న ఆర్టిస్టు మొండిచెయ్యి చూపించాడని చెప్పింది. ఆ మాటకి సగం నమ్మాను. నన్ను పొగిడి ఉంటే అసలు నమ్మేదాన్ని కాదు.

అనుమానం నా ఒక్కదానిదే కాదు. ఆ ఇంట్లో అందరికీ సరిపడా ఉంది. ఆవిడని ఎవరు పంపారు అన్నారు మా ఆయన. ఆడది వచ్చి అడిగిందంటే వెనకాల ఎవడో ఉంటాడు అన్నారు. ఎప్పటి నుంచి పరిచయం, ఫోను వస్తే పెరట్లోకి ఎందుకు వెళ్తావు, ప్రింట్లు వేయడానికి అంతసేపు ఎందుకు, ఆ కొత్త చీర ఎప్పటిది. చీర ఆయన చెల్లెలు పెట్టింది, నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళలో ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి. అత్తయ్య ఒక మూల నుంచి, నిప్పు లేందే పొగ రాదంటారు, తలుపు మూసిన గదిలో అయితే పొగ కూడా కనపడదు అంది. ఆవిడ నోటికి నేను ఎప్పుడూ లోలోపల దండం పెడతాను. చదువుకుని ఉంటే ప్లీడరయ్యేది. మర్నాడు మా ఆయన నా కెమెరా తీసుకెళ్ళారు. లెన్సుకి బూజు పట్టింది, బాగు చేయిస్తానన్నారు. చేయించలేదు. స్టూడియోలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను అడగలేదు. నాకు కావలసిన నెగటివులు డబ్బాల్లో ఉన్నాయి. ఇప్పుడు కావలసింది కెమెరా కాదు, చీకటి.

కాగితం ఒక్క పెట్టె ఉంది, నలభై షీట్లు. ఆ రకం తయారు చేయడం మానేశారు, ఇంకెక్కడా దొరకదు. నాకు వీలయ్యేది మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు వరకు. అందరి భోజనాలయ్యాక, అత్తయ్య కాఫీ వేళకి ముందు. మొదటి రోజు, తరవాతి ఏళ్ళలో మళ్ళీ తీసిన తువ్వాలు ఫోటో ప్రింటు వేశాను. డెవలపర్ ట్రేలో బొమ్మ తేలింది. నా చేతికి తెలిసిన పని, తప్పు జరగదు. కానీ తెల్లగా ఉండాల్సిన అంచు తెల్లగా లేదు. బూడిద రంగు, పల్చటి మీగడ కట్టినట్టు. రెండో షీటు కూడా అంతే. మూడోదీ అంతే. నాలుగోది శుభ్రంగా వచ్చింది. అయిదోది మళ్ళీ బూడిద.

ఎక్కడి నుంచో వెలుగు తగులుతోంది. ముందు కాగితాన్ని అనుమానించాను, పాతదైపోయిందేమో అని. పాతదైతే నాలుగోది ఎందుకు బాగుంది? ఎర్ర బల్బుని అనుమానించాను, మార్చాను. అత్తయ్యని అనుమానించాను, నేను లోపల లేనప్పుడు పెట్టె మూత తీసి చూసిందేమో అని. పెట్టె మీద దారం కట్టి చూశాను, దారం కదల్లేదు. చివరికి నన్ను నేను అనుమానించాను. నలభై ఆరేళ్ళు. కళ్ళు మసకబారుతున్నాయేమో, చెయ్యి వణుకుతోందేమో, ఇంతకాలం చేసిందంతా నా పిచ్చేనేమో, మా ఆయన చెప్పేది నిజమేనేమో. ఇంట్లోవాళ్ళ మీద అనుమానం వస్తే మనిషి రెండు పూటలా అన్నం తినగలదు. తన మీద తనకి వస్తే తినలేదు. రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఎవరూ చూడలేదు, వడ్డించేది నేనే కాబట్టి. మూడు వారాలు గడిచాయి, పన్నెండింటిలో రెండు తయారయ్యాయి, పద్దెనిమిది షీట్లు మిగిలాయి. ఆ లెక్కన గ్యాలరీ గోడలు ఖాళీగానే ఉంటాయి, నేను ఇంకో తొమ్మిదేళ్ళు తువ్వాళ్ళు ఆరేసుకుంటాను.

అప్పుడు నాణెం పరీక్ష చేశాను. ఇది కూడా మా ఆయన నేర్పిందే. చీకట్లో కాగితం పరిచి దాని మీద నాణెం పెట్టి వదిలేయాలి. తరవాత డెవలపర్‌లో వేస్తే, వెలుగు తగిలిన కాగితం నల్లబడుతుంది, నాణెం కింద మాత్రం తెల్లటి చుక్క మిగులుతుంది. పరీక్షలకని ముందే కోసి పెట్టుకున్న కాగితం ముక్కలు తీసి, గదిలో అయిదు చోట్ల పెట్టాను. సింకు దగ్గర ఏమీ లేదు. అలమర దగ్గర లేదు. తలుపుకి ఎదురుగా ఉన్న బల్ల మీద నాణెం చుక్క చందమామలా తేలింది. మర్నాడు మా ఆయన ఒక పెళ్ళి ఫోటోలకి పొరుగూరు వెళ్ళారు. ఆ రోజు అయిదు ముక్కలూ తెల్లగా ఉన్నాయి. ఆ మర్నాడు ఆయన ఇంట్లో ఉన్నారు, చందమామ మళ్ళీ వచ్చింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి నాణెం పరీక్ష ఎవరూ నేర్పి ఉండరు.

అయినా నమ్మలేదు. తలుపంతా తడిమాను. పాత గొళ్ళెం ఊడదీసిన చోట లప్పం పూసి ఉంటుంది. అందులో అగ్గిపుల్ల తల కనపడింది. లప్పం పూసేటప్పుడు ఇరుక్కుందేమో అనుకోవడానికి ప్రయత్నించాను. మనకి అక్కర్లేని నిజం ఎదురుగా ఉంటే బుర్ర ఎన్ని కథలైనా అల్లుతుంది.

మర్నాడు రెండున్నరకి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఎర్ర బల్బు వేయలేదు. కాగితాలు బయటికి తీయలేదు. స్టూలు మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తలుపు దగ్గర చిన్న గీత చప్పుడైంది. అగ్గిపుల్ల వెనక్కి పోయింది. సూది మొనంత వెలుగు లోపలికి వచ్చింది. వెంటనే ఆరిపోయింది. ఆరలేదు, దానికి కన్ను అడ్డం వచ్చింది. ఆ కంటికీ నాకూ మధ్య బారెడు దూరం. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. కన్ను వెళ్ళిపోయింది, వెలుగు మళ్ళీ వచ్చింది. చెప్పుల చప్పుడు దూరమైంది, కుర్చీ కిర్రుమంది. ఎవరికి తెలుస్తుందిలే అని పుల్ల మళ్ళీ పెట్టలేదు.

ఆ గది గోడలు నల్లగా ఉంటాయి. అందుకే, తలుపుకి వీపు పెట్టి పని చేసే నాకు ఇన్నాళ్ళూ ఏమీ కనపడలేదు. చేతికందిన పాడైపోయిన షీటు ఒకటి తీసి తలుపుకి ఎదురుగా పట్టుకున్నాను. దాని మీద మా పెరడు ఉంది. తలకిందులుగా, రంగులతో సహా, నిశ్శబ్దంగా. ఆకాశం కింద, నేల పైన. తీగ మీద బట్టలు పైకి వేలాడుతున్నాయి. వరండా కప్పు కింద, అంటే నా కాగితం మీద కప్పు పైన, కుర్చీలో మా ఆయన, కాళ్ళు ఆకాశంలోకి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నా తలుపు వైపు చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళ ఫోటోగ్రాఫర్. చీకటి గదికి బెజ్జం పెడితే అది కెమెరా అవుతుందని చిన్న పిల్లలకి కూడా బళ్ళో చెప్తారు. ఆ బెజ్జం ఆయనకి లోపలికి చూసే దారి మాత్రమే. వెలుగు కూడా అదే దారిన వస్తుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు మొదట వచ్చింది కోపం కాదు. ఎంత బాగుంది అనిపించింది. కోపం తరవాత వచ్చింది. వచ్చి, బొమ్మ పక్కన నిలబడింది.

మర్నాడు మంచి షీటు ఒకటి తీశాను. పద్దెనిమిదిలో ఒకటి. చెక్క పలకకి పిన్నులు గుచ్చి, తలుపుకి మీటరు దూరంలో నిలబెట్టాను. అడ్డం రాకుండా పలక కింద నేల మీద కూర్చున్నాను. పుల్ల వెళ్ళింది. కన్ను వచ్చింది, పోయింది. కుర్చీ కిర్రుమంది. నేను అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు లేచి వచ్చి చూశారు, ఆ కాసేపూ చీకటి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. లోపల నేను కదలకుండా కూర్చున్నాను, బయట ఆయన కదలకుండా కూర్చున్నారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒకే పని మీద నలభై నిమిషాలు కూర్చున్నది ఆ ఒక్క రోజే. లెక్క పూర్తయ్యాక బెజ్జానికి లోపలి నుంచి నల్ల టేపు అంటించాను. ఎర్ర బల్బు వేశాను.

ముందు నెగటివ్ వచ్చింది. దాన్ని ఇంకో షీటు మీద బోర్లించి, పైన అద్దం పెట్టి, వెలుగు చూపించి ప్రింటు తీశాను. తిరగేసి చూశాను. పెరడు, తీగ, వరండా, కుర్చీ. కుర్చీలో మనిషి. చేతులు మోకాళ్ళ మీద, ఒళ్ళు ముందుకి వంగి, మెడ చాచి. మొహం కొంచెం కదిలింది, మసక. కూర్చున్న తీరు మాత్రం కత్తితో కోసినట్టుంది. ఆ నలభై నిమిషాల్లో అత్తయ్య బట్టలు తీసింది, పెరడు ఊడ్చింది, మొక్కలకి నీళ్ళు పోసింది, నాకు చప్పుళ్ళు వినిపించాయి. ఫోటోలో అత్తయ్య లేదు. కదులుతూ ఉన్న మనిషి కాగితం మీద నిలవదు. పని చేసినావిడ మాయమైంది, కూర్చున్న ఆయన మిగిలారు. తొమ్మిదేళ్ళు నేను తీసిన వాటన్నిటిలోకీ అది మంచి ఫోటో. ఆరు నెలలు డబ్బాలో పెట్టాల్సిన అవసరం కనపడలేదు.

టేపు వేశాక మిగతా పదీ చకచకా వచ్చాయి. తెలుపు తెల్లగా, నలుపు నల్లగా. మా ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగారు. అడగడానికి నోరు రాదు, ఊరుకోవడానికి మనసొప్పదు. నాలుగో రోజు అన్నం తింటూ, "ఏం, ఈ మధ్య లోపల ఎర్ర బల్బు వేయట్లేదా?" అన్నారు. మీకెలా తెలుసు అని నేను అడగలేదు. ఇంకొంచెం వడ్డించాను.

అన్నీ పూర్తయ్యాక ఆ గది తలుపు బార్లా తీసి పెట్టాను. ప్రింట్లు తీగ మీద ఆరుతున్నాయి. మధ్యాహ్నం స్టూడియో మూసి వచ్చినాయన నేరుగా అక్కడికే వెళ్ళారు. కాసేపటికి తన ఫోటో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఎవడు తీశాడు ఇది?"

అత్తయ్య ముందు అందుకుంది. దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. మావాడే, కాస్త చిక్కాడు, వాళ్ళ నాన్న కూడా ఇలాగే మోకాళ్ళ మీద చేతులేసుకుని కాపలా కుక్కలా కూర్చునేవారు అంది. ఆయన వినిపించుకోలేదు. కెమెరా తన బీరువాలో ఉందన్నారు. తాళంచెవి తన జేబులో ఉందన్నారు. జేబులోంచి తీసి చూపించారు కూడా. కెమెరా లేకుండా ఫోటో ఎలా వస్తుంది అన్నారు.

"లోపల నీతో ఎవడున్నాడు?"

"ఎవరూ లేరు" అన్నాను. "కెమెరా మీరు చేసి ఇచ్చిందే. తలుపుకి బెజ్జం మీరు పెట్టారు. ఎదురుగా నేను కాగితం పెట్టాను."

అర్థం కావడానికి పది క్షణాలు పట్టింది. ఎంతైనా ఫోటోగ్రాఫర్. వెలుగు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో లోపల లెక్కేసుకుంటుంటే మొహంలో రంగు మారడం చూశాను. ఫోటో బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే బెజ్జానికి లప్పం పూశారు. నున్నగా పూశారు. ఆ పని ఆయనకి బాగా వచ్చు.

గ్యాలరీ ఆవిడ పన్నెండూ చూసి తల ఊపింది. పదమూడోదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. దీనికి ఒక గోడ మొత్తం ఇస్తానంది. కాకపోతే ఒక నియమం ఉందండీ అంది. గుర్తుపట్టగలిగే మనిషి ఫోటోలో ఉంటే ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేకపోతే వేలాడదీయలేను అంటూ ఒక కాగితం చేతిలో పెట్టింది. దారిలో ఆలోచించుకుంటూ వచ్చాను. సంతకం నేనే గీకేయొచ్చు. ఆయన స్టూడియో బిల్లుల మీద ఇరవై నాలుగేళ్ళుగా ఆయన సంతకం గీకుతున్నది నేనే. ఆయన నన్ను అడక్కుండా చూశారు, నేను ఆయన్ని అడక్కుండా చూపిస్తే తప్పేమిటి? ఈ ప్రశ్న న్యాయంగానే కనపడింది. కానీ దొంగచూపు ఆయన పద్ధతి. తొమ్మిదేళ్ళు కష్టపడి నేను నేర్చుకున్నది వేరే పద్ధతి. దాన్ని ఆయన కోసం పాడుచేసుకోదలచుకోలేదు. అడగాలి. వద్దంటే ఫోటో పెట్టెలోకి పోతుంది. మంచి ఫోటో. అయినా సరే.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం చేశాక బల్ల తుడిచి, ఒక పక్కన ఫోటో, ఒక పక్కన కాగితం, మధ్యలో పెన్ను పెట్టాను. అత్తయ్య కూడా వచ్చి నిలబడింది. ఇది మీ ఫోటో, మీరు ఒప్పుకుంటేనే గోడ మీద పెడతారు, వద్దంటే పెట్టరు, నేను కూడా గొడవ చెయ్యను అని చెప్పాను. ఆయన కాగితం చదివారు. రెండోసారి చదివారు. ఈ ఫోటోలో ఉన్నది నేనేనని, ఇది ఎలా తీశారో నాకు తెలుసునని రాసి ఉంది పైన. దాని కింద రెండు గళ్ళు, సమ్మతమే, సమ్మతం కాదు అని. ఒప్పుకోవాలన్నా, వద్దనాలన్నా ముందు ఆ పై వాక్యం దాటాలి. ఆ కుర్చీలో కూర్చున్నది తనేనని పెన్నుతో రాసివ్వాలి. రేపు ఎవరైనా ఎందుకు కూర్చున్నావురా అక్కడ అని అడిగితే చెప్పాలి. పెన్ను తీసుకున్నారు. పెట్టేశారు. ఫోటో చేతిలోకి తీసుకుని, కస్టమర్ ఫోటో చూసినట్టు చూశారు.

"ఇది నేను కాదు" అన్నారు.

నేను పెన్ను ఆయన వైపు జరిపాను.

మొహం సరిగ్గా లేదన్నారు. ఎవడో అన్నారు. ఇలా గూనిగా తానెప్పుడూ కూర్చోనన్నారు. తను కాని దానికి తనెందుకు సంతకం పెట్టాలన్నారు. చెప్పేకొద్దీ గొంతు గట్టిపడింది. చివరికి ఆయనకే నమ్మకం కుదిరినట్టుంది. అత్తయ్య వైపు చూశారు. నేనూ చూశాను. వారం కిందట మావాడే అని మొదట చెప్పింది ఆవిడే. ఆవిడ ఫోటో వంక చూడలేదు, కొడుకు వంక చూసింది.

"నా కళ్ళకేం తెలుస్తుందమ్మాయ్. వాడు కాదంటే కాదు" అంది.

"బాగా చూసి చెప్పండి" అన్నాను ఆయనతో. "ఇది మీరేనంటే, వద్దని ఒక్క మాట అనండి. ఇక్కడే చింపేస్తాను."

నిజంగానే చింపేదాన్ని. ఆ నిమిషంలో ఆయన అది నేనే అని ఉంటే, తప్పు చేశానని కూడా అనక్కర్లేదు, నేనే అని ఉంటే చాలు, ఇంకో ఇరవై నాలుగేళ్ళు ఆ ఇంట్లో తువ్వాళ్ళు ఆరేసేదాన్నేమో. అంత తక్కువకి వస్తాను నేను. ఆయనకి ఆ సంగతి తెలియదు.

"కాదన్నానుగా" అన్నారు, విసుగ్గా.

సరే అన్నాను. కాగితం నా వైపు తిప్పుకున్నాను. వెనక పేజీలో ఫోటో తీసినవారు నింపాల్సిన భాగం ఉంది. ఫోటోలో ఉన్న వ్యక్తి పేరు అన్న చోట, తెలియదు అని రాశాను. ఎవరో తెలియని మనిషి సంతకం ఎవరూ అడగరు. దాని కింద ఇంకో గడి ఉంది, మీకు ఏమవుతారు అని. అక్కడ కాస్త ఆగాను. ఆయన ఎదురుగానే ఉన్నారు, నేనేం రాస్తానో అని మెడ చాచి చూస్తున్నారు.

ఏమీ కారు అని రాసి, సంతకం పెట్టాను.